ఇంజినీర్డ్ ఈస్ట్‌తో ఎంజైమ్: ఫ్లాస్క్, ఫెడ్-బ్యాచ్, కంటిన్యువస్ పోల్చాను, చూసి తిట్టండి

#1 కొత్తబ్యాచ్ (సోమవారం రాత్రి 9:50)

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు రాయక తప్పడం లేదు.

మాది జైలనేజ్ ఎంజైమ్ (మొక్కల్లోని జైలాన్‌ను ముక్కలు చేసేది). పికియా అనే ఈస్ట్‌లో (కొత్త పేరు కొమగటయెల్లా ఫాఫీ, నాకు పాత పేరే నోటికొస్తుంది) రెండు స్ట్రెయిన్లు ఉన్నాయి. ఒకదాంట్లో జీన్ ఏఓఎక్స్1 ప్రమోటర్ (జీన్‌ను ఆన్ చేసే స్విచ్) కింద ఉంది, మిథనాల్ ఇస్తే పనిచేస్తుంది. రెండోది గ్యాప్ ప్రమోటర్, ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, గ్లూకోజ్ చాలు. రెండూ ఎంజైమ్‌ను బయటికి వదిలేవే. ఏ పద్ధతి మేలో తేల్చి చెప్పమన్నారు. నాలుగు నెలలు తిప్పలు పడితే వచ్చిన అంకెలివి:

ఫ్లాస్క్, ఏఓఎక్స్1: 96 గంటలు, 24 గంటలకోసారి 0.5 శాతం మిథనాల్. 180 యూనిట్లు/మి.లీ. తడి కణాలు 60 గ్రా/లీ.
బ్యాచ్, ఏఓఎక్స్1: 40 గ్రా/లీ గ్లిసరాల్, 24 గంటలు. దాదాపు సున్నా.
ఫెడ్-బ్యాచ్ (ఫీడ్ కొద్దికొద్దిగా పోస్తూ), ఏఓఎక్స్1: 110 గంటలు. 1450 యూనిట్లు/మి.లీ. తడి కణాలు 380 గ్రా/లీ.
ఫెడ్-బ్యాచ్, గ్యాప్: గ్లూకోజ్ ఫీడ్, 52 గంటలు. 620 యూనిట్లు/మి.లీ. తడి కణాలు 340 గ్రా/లీ.
కంటిన్యువస్, గ్యాప్: డైల్యూషన్ రేటు గంటకు 0.08 (గంటకు పాత్రలోని బ్రోత్‌లో 8 శాతం బయటికి, అంతే కొత్త మీడియం లోపలికి), మొత్తం 10 రోజులు. 210 యూనిట్లు/మి.లీ. తడి కణాలు 120 గ్రా/లీ.

నా తీర్పు: మిథనాల్ ఫెడ్-బ్యాచ్ ఫస్ట్, కంటిన్యువస్ దండగ. దాదాపు ఏడు రెట్లు తేడా కదా. రిపోర్ట్‌లో ఇదే రాసేయనా?

#2 డీఓస్పైక్ (సోమవారం రాత్రి 10:31)

రాయొద్దు.

ముందు ఆ రెండో వరస కొట్టెయ్యండి. గ్లిసరాల్ ఉన్నంతసేపూ ఏఓఎక్స్1 మూసుకునే ఉంటుంది. గ్లిసరాల్ పోసి, అది అయిపోగానే ఆపేసి, ఎంజైమ్ రాలేదంటే తాళం తీయకుండానే ఇంట్లో ఎవరూ లేరన్నట్టు ఉంది. అది బ్యాచ్ పద్ధతి తప్పు కాదు, ఇండక్షనే జరగలేదు.

అసలు చిక్కు వేరే ఉంది. మీరు పోల్చింది పద్ధతుల్ని కాదు. ఒక వరసలో ప్రమోటర్ మారింది, ఇంకో వరసలో కార్బన్ సోర్స్ మారింది, మరో దాంట్లో పాత్ర మారింది. ఏఓఎక్స్1 ఫెడ్-బ్యాచ్‌నీ గ్యాప్ కంటిన్యువస్‌నీ పక్కపక్కన పెడితే ఆ తేడాలో స్ట్రెయిన్ వాటా ఎంతో, పద్ధతి వాటా ఎంతో ఎవరు చెప్పగలరు? రెండు స్ట్రెయిన్లలో జీన్ కాపీలు ఎన్నెన్ని ఉన్నాయో చూశారా?

#3 కొత్తబ్యాచ్ (సోమవారం రాత్రి 10:44)

కాపీలు లెక్కపెట్టలేదండీ. రెండూ జియోసిన్ (యాంటీబయాటిక్, దాన్ని తట్టుకునే జీన్ ప్రతి కాపీతోనూ ఉంటుంది) ఎక్కువ డోసు ప్లేట్ల మీద ఎంచినవే, కాబట్టి ఒకటికి మించే ఉండాలి. మా లాబ్‌లో ఇంతకుముందు పనిచేసినవాళ్లు ఇచ్చి వెళ్లిపోయారు.

#4 వడపోత (మంగళవారం ఉదయం 7:15)

మి.లీ.కి 1450 అన్నారు. దేని మి.లీ.? సూపర్‌నేటెంట్‌దా, కణాలతో సహా మొత్తం బ్రోత్‌దా?

మీరు సెంట్రిఫ్యూజ్ చేసి పై నీళ్లు తీసి కొలిచుంటారు, అందరూ అదే చేస్తారు. లీటరు బ్రోత్‌లో తడి కణాలు 380 గ్రాములంటే లీటరులో మూడో వంతుకు పైగా కణాలే. ఎంజైమ్ ఉన్నది మిగతా 650 మి.లీ.లో. అంటే లీటరు బ్రోత్‌కు మీకు దక్కింది 14,50,000 కాదు, దాదాపు 9,42,000 యూనిట్లు. (పెల్లెట్ సందుల్లో కొంత ద్రవం చిక్కుకుని ఉంటుంది, కడిగితే ఇంకాస్త వస్తుంది, దాన్ని ఇప్పుడు వదిలేద్దాం.) ఫ్లాస్క్‌లో కణాలు తక్కువ కాబట్టి ఈ కోత పెద్దగా ఉండదు. ఫెడ్-బ్యాచ్‌లో కణాలు దట్టం, అక్కడే ఎక్కువ కోత పడుతుంది. పేపర్లలో కూడా ఏ లీటరో చెప్పకుండా టైటర్ (లీటరుకి ఎంత ఎంజైమ్ అన్న అంకె) రాసేస్తుంటారు, చదివినప్పుడల్లా ఒళ్లు మండుతుంది.

ఇక రెండోది టైమ్. మీ ఫెర్మెంటర్ ఒక రన్ దించి, కడిగి, స్టెరిలైజ్ చేసి, చల్లార్చి మళ్లీ ఎక్కించేసరికి ఎంతవుతుంది?

#5 కొత్తబ్యాచ్ (మంగళవారం ఉదయం 9:02)

అవును మేడమ్, సూపర్‌నేటెంటే. దించి ఎక్కించడానికి దాదాపు 14 గంటలు పడుతుంది.

మీరన్నట్టే లీటరు బ్రోత్‌కు, గంటకు లెక్క కట్టాను, ఆ 14 గంటలు కూడా కలిపి. కంటిన్యువస్‌కి లీటరు బ్రోత్‌లోని యూనిట్లను 0.08తో గుణించాను, అంతే కదా?

ఏఓఎక్స్1 ఫెడ్-బ్యాచ్: 9,42,500 ÷ 124 గంటలు = 7,600
గ్యాప్ ఫెడ్-బ్యాచ్: 4,27,800 ÷ 66 గంటలు = 6,480
గ్యాప్ కంటిన్యువస్: 1,86,900 × 0.08 = 14,950

ఎక్కడైనా తప్పు చేశానా? దండగ అనుకున్నదే రెట్టింపు వస్తోంది!

#6 కెఎల్ఏ_మేష్టారు (మంగళవారం మధ్యాహ్నం 1:20)

గుణకారం సరిగానే ఉంది బాబూ, కానీ ఆ 14,950 అనేది స్టెడీ స్టేట్‌లో ఉన్నప్పటి లెక్క. పది రోజులంటే 240 గంటలు. మొదటి 40 గంటలు కల్చర్ పెంచి, ఫీడు ఎక్కించి, నిలకడకు తేవడానికే పోయుంటాయి. మిగిలినవి 200. దానికి 14 గంటలు కలిపి 254తో భాగిస్తే గంటకు 11,770 దగ్గర తేలుతుంది. అయినా ముందే ఉంది.

ఎందుకో చూడు. గ్యాప్ ప్రమోటర్‌తో కణం ఎంజైమ్ తయారుచేసే వేగం దాని పెరుగుదల వేగంతో పాటు నడుస్తుంది. కంటిన్యువస్‌లో పెరుగుదల 0.08 దగ్గర కట్టేసి ఉంటుంది, పగలూ రాత్రీ అదే. ఫెడ్-బ్యాచ్‌లో నువ్వు ఫీడ్ ఒకే స్పీడులో ఇచ్చి ఉంటావు, అవునా? కణాలు పెరిగే కొద్దీ ఒక్కోదానికి దక్కే గ్లూకోజ్ తగ్గిపోతుంది. చివరి 20 గంటల్లో పెరుగుదల రేటు 0.02కి పడిపోయినా ఆశ్చర్యం లేదు. అప్పుడవి తిన్నదంతా బతకడానికే సరిపోతుంది, నీ ఎంజైమ్‌కి మిగిలేది తక్కువ.

మిథనాల్ స్ట్రెయిన్ సంగతి వేరు. అక్కడ పెరుగుదల ఎక్కువైతే ఎంజైమ్ ఎక్కువ అన్న సూత్రం అంత సూటిగా పనిచేయదు. ఒక్కో ప్రోటీన్‌ది ఒక్కో తీరు. అందుకే డీఓస్పైక్ గారు చెప్పినట్టు రెండింటికీ రెండు వేరే టేబుళ్లు వెయ్యి.

#7 బేకరీఈస్ట్ (మంగళవారం సాయంత్రం 6:05)

అందరూ లెక్కలు మొదలుపెట్టారు, అసే (ఎంజైమ్‌ను కొలిచే పరీక్ష) సంగతి ఎవరూ అడగలేదే. జైలనేజ్ కాబట్టి డీఎన్ఎస్‌తోనే కొలిచుంటారు. డీఎన్ఎస్ అనే రంగు పరీక్ష చూసేది ఎంజైమ్ విడుదల చేసే రెడ్యూసింగ్ షుగర్‌ని. గ్లిసరాల్, మిథనాల్ దానికి కనపడవు, గ్లూకోజ్ కనపడుతుంది. గ్యాప్ శాంపిళ్లలో తినకుండా మిగిలిన గ్లూకోజ్ కూడా మీకు ఎంజైమ్‌గా లెక్కలోకొచ్చి ఉండొచ్చు. ఉడికించిన సూపర్‌నేటెంట్‌ను బ్లాంక్‌గా పెట్టారా?

#8 కొత్తబ్యాచ్ (మంగళవారం సాయంత్రం 6:40)

బ్లాంక్‌లో బఫర్, సబ్‌స్ట్రేట్ మాత్రమే పెట్టాను. ఎంజైమ్ శాంపిల్‌ని 400 రెట్లు డైల్యూట్ చేశాను.

#9 బేకరీఈస్ట్ (మంగళవారం సాయంత్రం 6:52)

400 రెట్లా? అయితే నా మాట వెనక్కి తీసుకుంటున్నా. గ్లూకోజ్ లీటరుకి 4 గ్రాములు మిగిలినా, డైల్యూట్ చేశాక లీటరుకి 10 మిల్లీగ్రాములే. అది డీఎన్ఎస్ కంట పడదు. ఫ్లాస్క్‌ను తక్కువ డైల్యూషన్‌లో కొలుస్తారు, కానీ అక్కడున్నది మిథనాల్. సరే, ఉడికించిన బ్లాంక్ మాత్రం అలవాటు చేసుకోండి, ఏదో ఒక రోజు కాపాడుతుంది. ఇంకోటి, 400 ఒక్కటే కాకుండా 200, 800 దగ్గర కూడా కొలవండి. మూడూ ఒకే జవాబు ఇస్తేనే కర్వ్ సరళంగా ఉన్న చోట ఉన్నట్టు.

#10 నురగరాయుడు (మంగళవారం రాత్రి 11:48)

లేటుగా వచ్చాను. మిథనాల్ ఫెడ్-బ్యాచ్ అంటే నాకు ఒక పాత గాయం ఉంది, చెప్పే తీరాలి.

డీఓ (బ్రోత్‌లో కరిగిన ఆక్సిజన్ శాతం) చూసి ఫీడ్ ఇచ్చే పద్ధతి పెట్టాం. ఆక్సిజన్ పెరిగితే మిథనాల్ అయిపోయినట్టు, పంపు తిరగాలి. తగ్గితే ఆగాలి. కాగితం మీద ఎంత ముద్దుగా ఉందో! రాత్రి నురగ పొంగి యాంటీఫోమ్ ఎక్కువ పడింది. ఆక్సిజన్ కరగడం తగ్గి డీఓ పడిపోయింది, ఫీడ్ ఆగింది. అక్కడిదాకా ఫరవాలేదు. తర్వాత స్టిర్రర్ స్పీడు పెరిగి డీఓ లేచింది, పంపు ఒక్కసారిగా మిథనాల్ గుమ్మరించింది. అప్పటికే డీలా పడి ఉన్న కణాలకు అది మోతాదు మించింది. విషమెక్కిన కణాలు ఆక్సిజన్ తాగవు. తాగకపోతే డీఓ ఇంకా పెరుగుతుంది. డీఓ పెరిగిందంటే కంట్రోలర్‌కి ఒక్కటే తెలుసు: పాపం ఆకలేస్తోంది, ఇంకా పొయ్యి! పొద్దున నేను వెళ్లేసరికి డీఓ 95 దగ్గర గీత గీసినట్టు నిలబడి ఉంది, ఫీడ్ సీసా ఖాళీ. మూడు రోజుల పని డ్రెయిన్‌లోకి.

అప్పటినుంచి నా రూలు ఒకటే. డీఓని నమ్మి ఫీడ్ ఇస్తే, గంటకు ఇంతకు మించి వెళ్లకూడదని పంపుకు పైహద్దు పెట్టు. ఎగ్జాస్ట్ గ్యాస్‌లో మిథనాల్ చూసే సెన్సర్ ఉంటే అదృష్టం.

#11 కొత్తబ్యాచ్ (బుధవారం ఉదయం 8:10)

చదువుతుంటేనే నాకు టెన్షన్ వచ్చింది. మా దగ్గర గ్యాస్ సెన్సర్ లేదు. నేను స్టాండర్డ్ ప్రొటోకాల్ అంకెలే వాడాను. మొదట్లో లీటరుకి గంటకు 3.6 మి.లీ., తర్వాత 7.3, చివరికి 10.9. కణాలకు మిథనాల్ పడుతోందో లేదో ఎలా తెలుసుకోవాలి?

#12 డీఓస్పైక్ (బుధవారం ఉదయం 10:25)

నా పేరే అది కదా, నేనే చెప్తా.

ముందు గ్లిసరాల్ బ్యాచ్ ముగింపు ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. 18 నుంచి 24 గంటల మధ్య ఎప్పుడో వస్తుంది, సాధారణంగా తెల్లవారుజామునే, మనం కునుకు తీసే టైమ్‌లో. అప్పటిదాకా స్టిర్రర్ రొద పెడుతూ డీఓను 30 దగ్గర పట్టుకోవడానికి నానా అవస్థ పడుతుంటుంది. ఉన్నట్టుండి మోటారు శబ్దం సన్నబడుతుంది. స్క్రీన్ చూడకముందే చెవికి తెలిసిపోతుంది. చూస్తే డీఓ 30, 45, 70, 90 అంటూ ఎగబాకుతుంటుంది. గ్లిసరాల్ ఒట్టిపోయింది, తాగేవాళ్లు ఆగిపోయారు.

మిథనాల్‌లో కూడా ఇదే పరీక్ష. ఫీడ్ ఆపి స్టాప్‌వాచ్ నొక్కండి. ఒక్క నిమిషం లోపల డీఓ 10 శాతం లేస్తే పోసింది పోసినట్టు తింటున్నాయి, పెంచొచ్చు. రెండు మూడు నిమిషాలైనా లేవకపోతే లోపల మిథనాల్ పేరుకుంటోంది, అప్పుడు పెంచితే చేజేతులా చంపినట్టే. పరీక్ష అయ్యాక పంపు మళ్లీ ఆన్ చేయడం మర్చిపోకండి, నవ్వకండి, నేను మర్చిపోయాను. ఇక 3.6 నుంచి 7.3కి తొందరపడి వెళ్లొద్దు. కణం మిథనాల్ తినడానికి కావలసిన ఎంజైమ్‌లు కట్టుకోవడానికి రెండు నుంచి నాలుగు గంటలు పడుతుంది.

టెంపరేచర్ 30 దాటనివ్వొద్దు. 32 పైకి పోతే ప్రోటీన్ తయారీ దెబ్బతింటుంది. మిథనాల్ మండే మంట తక్కువది కాదు: గ్రాముకి 22.7 కిలోజౌళ్లు, గ్లూకోజ్‌కి 15.6. గ్రాము పూర్తిగా కాలడానికి మిథనాల్‌కి 1.5 గ్రాముల ఆక్సిజన్ కావాలి, గ్లూకోజ్‌కి 1.07 చాలు. చిన్న పాత్రలో చల్లటి నీళ్లు తిప్పితే సరిపోతుంది కాబట్టి ఇది మీ కంటికి కనపడలేదు. పెద్ద ట్యాంకులో అడ్డం తిరిగేది ఇదే. పైగా అగ్నిప్రమాదం లెక్కలు, దానికి తగిన వైరింగూ.

#13 కొత్తబ్యాచ్ (బుధవారం మధ్యాహ్నం 12:15)

అర్థమైంది. ఇక గ్యాప్ ఫెడ్-బ్యాచ్ సంగతి. మేష్టారూ, మీరు ఊహించింది నిజం, ఫీడ్ మొదటి నుంచీ ఒకే స్పీడు. ఎక్స్‌పొనెన్షియల్ ఫీడ్ అంటారు కదా, ఆ ఫార్ములా చూస్తే భయం. ఒక్కసారి అంకెలతో చూపిస్తారా?

#14 కెఎల్ఏ_మేష్టారు (బుధవారం సాయంత్రం 5:30)

భయం దేనికి, కిరాణా లెక్కే. లెక్క సులువుగా ఉండడానికి 10 లీటర్ల కల్చర్ అనుకో. బ్యాచ్ అయ్యేసరికి లీటరుకి 20 గ్రాముల పొడి కణాలు, మొత్తం 200 గ్రాములు. నీకు కావలసిన పెరుగుదల గంటకు 0.15. అంటే మొదటి గంటలో 30 గ్రాముల కొత్త కణాలు పుట్టాలి. గ్రాము గ్లూకోజ్‌కి అర గ్రాము కణాలు వస్తాయనుకుంటే 60 గ్రాముల గ్లూకోజ్ కావాలి. నీ ఫీడ్ లీటరుకి 500 గ్రాములు. 60ని 500తో భాగిస్తే 0.12 లీటర్లు. అంతే, మొదటి ఫీడ్ గంటకు 120 మి.లీ. అక్కణ్నుంచి కణాలు ఎన్ని రెట్లు పెరిగితే ఫీడ్ అన్ని రెట్లు.

ఎనిమిది గంటలకు అది 3.32 రెట్లు, గంటకు దాదాపు 400 మి.లీ. కణాలు 664 గ్రాములు. ఇక్కడిదాకా బాగానే ఉంది, ఫార్ములా ఆగమని చెప్పదు. ఆపేది ఆక్సిజన్. ఆ గంటలో కణాలు తినేది 200 గ్రాముల గ్లూకోజ్. గ్రాముకి సుమారు 0.4 గ్రాముల ఆక్సిజన్ చొప్పున 80 గ్రాములు, అంటే 2.5 మోళ్లు. అప్పటికి వాల్యూమ్ 12 లీటర్లకు దగ్గరైంది కాబట్టి లీటరుకి గంటకు 210 మిల్లీమోళ్లు. ఉత్త గాలి ఊదుతూ చాలా పాత్రలు ఇక్కడే చేతులెత్తేస్తాయి. వేడి కూడా చూడు: ఆక్సిజన్ మోలుకి సుమారు 460 కిలోజౌళ్లు, గంటకు 1150. అంటే 320 వాట్ల హీటర్ లోపల పెట్టినట్టు.

అందుకని ఎక్స్‌పొనెన్షియల్‌గా మొదలుపెట్టి, డీఓ 25 దిగువకు జారబోతున్నప్పుడు ఫీడ్‌ను అక్కడే నిలిపేస్తారు, ఆపై ఒకే స్పీడు. నీకు 0.15 ఎక్కువ, 0.12తో మొదలుపెట్టు.

#15 బేకరీఈస్ట్ (బుధవారం రాత్రి 8:18)

ఇక్కడ నా గోడు వినండి. మీ పికియా వాళ్లు అదృష్టవంతులు, గ్లూకోజ్ కాస్త ఎక్కువ పడినా కొంప మునగదు. నాది సాక్రోమైసిస్. చక్కెర కనపడితే ఆక్సిజన్ పుష్కలంగా ఉన్నా ఆల్కహాల్ తీయడం దాని పుట్టుబుద్ధి, క్రాబ్‌ట్రీ ఎఫెక్ట్ అనేది అదే. ఫీడ్ పంపు అది తట్టుకునే హద్దు దాటి తిరిగిందంటే ఆ మిగులంతా ఇథనాల్ అయి కూర్చుంటుంది. ఎగ్జాస్ట్‌లో వచ్చే కార్బన్ డయాక్సైడ్‌కీ, తాగే ఆక్సిజన్‌కీ నిష్పత్తి 1 దాటిందంటే నాకు గుండె దడ. కాబట్టి సాక్రోమైసిస్‌లో మామూలు బ్యాచ్‌ని ఫెడ్-బ్యాచ్‌తో పోలిస్తే ఫెడ్-బ్యాచ్ ఎంతో గొప్పగా కనిపిస్తుంది. అందులో సగం గొప్పతనం ఇథనాల్ కాకుండా ఆపడం వల్ల వచ్చిందే. పికియాలో అంత తేడా ఆశించకండి.

షుగర్ల సంగతి కూడా ఉంది. మావాడు ప్రోటీన్‌కి మ్యానోజ్ గొలుసులు ఇష్టమొచ్చినట్టు తగిలిస్తాడు, ఒక్కో గొలుసులో 50 నుంచి 150 మ్యానోజ్‌ల దాకా. పికియా సాధారణంగా 8 నుంచి 14తో సరిపెడుతుంది. జెల్ మీద నా బ్యాండు ఒక మబ్బులా ఉంటుంది, మీది గీతలా ఉంటుంది. అసూయ.

#16 చెట్టుకింద (గురువారం ఉదయం 6:50)

ఇంత హడావిడి ఎందుకు, సాలిడ్ స్టేట్ ఫెర్మెంటేషన్ చెయ్యండి. తవుడు మీద పెంచితే జైలనేజ్ బాగా వస్తుందని చదివాను.

#17 వడపోత (గురువారం ఉదయం 7:30)

అది బూజు జాతులకు. ఆస్పర్‌జిల్లస్, ట్రైకోడెర్మా లాంటివి పోగులు సాచి గట్టి పదార్థంలోకి చొచ్చుకుపోతాయి. ఈస్ట్ చేత అలా చేయించలేం. ఇక్కడి ప్రశ్న ఈస్ట్ గురించి.

కొత్తబ్యాచ్ గారూ, కంటిన్యువస్ గెలిచిందని పండగ చేసుకునే ముందు నా వైపు నుంచి కూడా చూడండి. మీకు కోటి యూనిట్లు కావాలనుకోండి. మిథనాల్ ఫెడ్-బ్యాచ్‌లో 6.9 లీటర్ల సూపర్‌నేటెంట్ వడపోస్తే చాలు. కంటిన్యువస్‌లో 47.6 లీటర్లు. నేను అల్ట్రాఫిల్ట్రేషన్‌తో తీయాల్సిన నీళ్లన్నీ మీ 210లోనే ఉన్నాయి. మీరు ఫెర్మెంటర్ దగ్గర మిగిల్చిన టైమ్ నా మెంబ్రేన్ దగ్గర ఖర్చవుతుంది.

అలాగని మిథనాల్ శాంపిల్ అంటే నాకు ప్రేమేం లేదు. వంద గంటలు దాటాక కణాలు చిట్లి లోపలి ప్రోటియేజ్‌లు (ప్రోటీన్‌ను కోసే ఎంజైమ్‌లు) బయటపడతాయి. అంత దట్టమైన బ్రోత్‌ని సెంట్రిఫ్యూజ్ చేయడం ఒక యాతన, అందులో యాంటీఫోమ్ ఉంటే మెంబ్రేన్ జిడ్డు పట్టి ఫ్లో పడిపోతుంది. 110వ గంట శాంపిల్ జెల్ మీద వేసి చూశారా? అసలు బ్యాండ్ కింద చిన్న ముక్కలు ఉన్నాయా?

#18 కొత్తబ్యాచ్ (గురువారం రాత్రి 9:20)

వేశాను మేడమ్. 90 గంటల దాకా శుభ్రంగా ఉంది, 110లో కింద రెండు సన్నని బ్యాండ్లు. యాక్టివిటీ కూడా 90 దగ్గరే 1390 ఉంది. అంటే చివరి 20 గంటలు నేను మేలుకున్నది 60 యూనిట్ల కోసం.

ఇంకో నిజం చెప్పాలి. కంటిన్యువస్‌లో 210 అన్నది ఎనిమిదో రోజు దాకా. తొమ్మిదో రోజు 185, పదో రోజు 170. కొలవడంలో పొరపాటనుకుని సగటులో వేయలేదు.

#19 డీఓస్పైక్ (గురువారం రాత్రి 9:41)

అసలు కథ ఇదీ! పొరపాటు కాదు, కాపీలు జారిపోతున్నాయి. ఒకే జీన్ పక్కపక్కనే నాలుగైదు కాపీలు ఉంటే కణం వాటిని ఒకదాంతో ఒకటి కలిపేసి బయటికి తోసేయగలదు. ఎంజైమ్ తయారీ బరువు లేని కణం కాస్త వేగంగా పెరుగుతుంది. కంటిన్యువస్‌లో ఆ కాస్త వేగమే చాలు, రోజులు గడిచేకొద్దీ సోమరులదే రాజ్యం. ఫెడ్-బ్యాచ్‌లో అన్ని తరాలు గడవవు కాబట్టి ఇది బయటపడదు.

మొదటి రోజు, పదో రోజు గ్లిసరాల్ స్టాకులు దాచారా? రెండింటినీ మామూలు ప్లేట్ల మీద విడివిడి కాలనీలుగా పరిచి, ఒక్కో కాలనీని జియోసిన్ 100 (మైక్రోగ్రాములు/మి.లీ.) మీద, 1000 మీద గుచ్చండి. ఒక్క కాపీ మిగిలినా 100 మీద పెరిగిపోతుంది, తేడా 1000 దగ్గరే తెలుస్తుంది.

#20 కెఎల్ఏ_మేష్టారు (శుక్రవారం ఉదయం 8:00)

సగటులో వేయకపోవడం తప్పు బాబూ. నచ్చని అంకె కూడా అంకే. రిపోర్ట్‌లో రోజువారీ గ్రాఫ్ పెట్టు, అది చూసినవాడికి పది రోజులు నడపాలో ఏడు రోజులకే ఆపాలో దానంతట అదే తెలుస్తుంది.

#21 కొత్తబ్యాచ్ (నాలుగు వారాల తర్వాత, ఆదివారం సాయంత్రం)

మళ్లీ వచ్చాను. ఈసారి ఒక్క గ్యాప్ స్ట్రెయినే, ఒకే స్టాకు నుంచి.

ప్లేట్లు: 24 కాలనీల చొప్పున గుచ్చాను. 100 మీద అన్నీ పెరిగాయి. 1000 మీద మొదటి రోజువి 24కి 24, పదో రోజువి 24కి 15. డీఓస్పైక్ గారికి దండం.

ఫెడ్-బ్యాచ్, 0.12తో ఎక్స్‌పొనెన్షియల్, డీఓ 25 దగ్గర ఫీడ్ నిలిపేశాను: 44 గంటలు, 640 యూనిట్లు/మి.లీ., తడి కణాలు 310. లీటరు బ్రోత్‌కి గంటకు 7,900 పైన. పాతది 6,480.

కంటిన్యువస్ 0.08 దగ్గర మళ్లీ 205 వచ్చింది. తర్వాత 0.12కి పెంచాను. మి.లీ.కి 170కి పడిపోయింది, నేను డీలా పడ్డాను. లెక్క కడితే గంటకు 18,000 దాటింది! మి.లీ. చూసి ఏడవడం ఇంకా పోలేదు నాకు. ఏడో రోజున ఆపేశాను.

మిథనాల్ స్ట్రెయిన్‌కి వేరే టేబుల్, అందులో 90 గంటలకే దించేసినట్టు రాశాను. "దండగ" అన్న మాట తీసేశాను.

ఒక సందేహం. ఫెడ్-బ్యాచ్ అయ్యాక మొత్తం దించకుండా, కొంత లోపలే ఉంచి మళ్లీ మీడియం నింపి నడిపితే ఆ 14 గంటలు మిగులుతాయి కదా?

#22 నురగరాయుడు (ఆదివారం రాత్రి 10:12)

మిగులుతాయి, రిపీటెడ్ ఫెడ్-బ్యాచ్ అంటారు. నేను ఐదో వంతు ఉంచి మిగతాది లాగేస్తాను. మూడు సార్లకు మించి తిప్పను, నాలుగోసారికి ప్రోబ్ మీద పాచి పట్టి డీఓ రీడింగ్ నమ్మలేం. లాగేటప్పుడు గాలి ఫ్లో తగ్గించడం మర్చిపోవద్దు, లెవెల్ పడిపోగానే నురగ ఎగ్జాస్ట్ ఫిల్టర్ దాకా వచ్చేస్తుంది.

#23 వడపోత (సోమవారం ఉదయం 7:05)

లాగిన ప్రతిసారీ ఒక 50 మి.లీ. నాకోసం 4 డిగ్రీల దగ్గర పెట్టండి. మూడో రౌండ్‌లో కూడా కింద ఆ సన్నని బ్యాండ్లు లేకపోతే అప్పుడు మాట్లాడదాం.

#24 కొత్తబ్యాచ్ (సోమవారం ఉదయం 9:30)

పెడతాను మేడమ్. ఈ రాత్రికి ఇనాక్యులమ్ ఎక్కిస్తున్నా.